పసరుతో తగ్గే కామెర్లు, పసరుతో తగ్గని కామెర్లు

తెలుగునాట ఏ జిల్లాకు వెళ్లినా కామెర్లకు పసరు పోసే ఊరొకటి తగులుతుంది. ఆదివారమో గురువారమో తెల్లారకముందే చేరాలి, పరగడుపున ఉండాలి, మూడు వారాలు వరసగా రావాలి, ఉప్పూ నూనే మానాలి. కొన్నిచోట్ల పసరు తాగిస్తారు, కొన్నిచోట్ల ముక్కులోనో కంట్లోనో పిండుతారు, ఇంకొన్నిచోట్ల చేతి మీద వాత పెడతారు. అలా వెళ్లొచ్చినవాళ్లలో ఎక్కువమంది బాగుపడతారు కూడా. ఈ మాట ఒప్పుకోని వ్యాసాలు జనానికి ఎక్కవు. బాబాయికి తగ్గింది, పక్కింటి కుర్రాడికి తగ్గింది, కళ్లారా చూశారు. మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే వాళ్లు నమ్మకుండా పోయేది మనల్నే.

తగ్గిన మాట నిజం. ఎందుకు తగ్గిందన్నదే చూడాలి. అది తెలిస్తే ఎవరికి తగ్గదో కూడా తెలుస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది ఆ తగ్గనివాళ్లకే.

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కాలం తీరిన కణాలు రోజూ విరిగిపోతూ ఉంటాయి. వాటిలోని హిమోగ్లోబిన్ విడిపోయినప్పుడు తయారయ్యే పసుపుపచ్చ పదార్థమే బిలిరుబిన్. అది నీళ్లలో కరగదు, కాబట్టి మూత్రంలో పోలేదు. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని నీళ్లలో కరిగేలా మార్చి, పైత్యరసంలో కలిపి, పిత్తవాహిక గుండా పేగుల్లోకి వదులుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని ఇంకో రూపంలోకి మారుస్తాయి. మలానికి మామూలుగా ఉండే గోధుమ రంగు దాని చలవే.

పెద్దవాళ్ల రక్తంలో బిలిరుబిన్ డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. రెండున్నర, మూడు దగ్గరికి వచ్చేసరికి కంట్లో తెల్లగుడ్డు పచ్చబడటం తెలుస్తుంది. కణాలు మరీ ఎక్కువగా విరుగుతున్నా, కాలేయం దెబ్బతిన్నా, పైత్యరసం పారే దారి మూసుకుపోయినా పైకి కనిపించే రంగు మాత్రం ఒకటే. కామెర్లు జ్వరంలాగా ఒక గుర్తు. వెనకున్న జబ్బు వేరేది. కాబట్టి కామెర్లకు మందేమిటని అడిగితే ఏ డాక్టరైనా ముందు దేనివల్ల వచ్చాయో చూడాలంటాడు.

రంగు ఒకటే అయినా తేడా పట్టించే ఆనవాళ్లు ఉన్నాయి, అవీ రోజూ మన కళ్లముందే ఉంటాయి. కణాలు విరగడం వల్ల వచ్చే కామెర్లలో కళ్లు లేతగా పచ్చబడతాయి, మనిషి పాలిపోయి ఉంటాడు, మూత్రం మరీ ముదురు రంగులో ఉండదు. మలేరియా, జి6పిడి అనే ఎంజైము లోపం ఈ కోవలోవి. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బూ ఇందులోదే. కాలేయం వాచినప్పుడు మూత్రం టీ డికాక్షన్ రంగులోకి దిగుతుంది, అన్నం చూస్తేనే వికారం పుడుతుంది. దారి మూసుకుపోయినప్పుడు మూత్రం ముదురుగానూ, మలం మాత్రం సుద్దలా తెల్లగానూ ఉంటుంది, ఒళ్లంతా దురద పెడుతుంది. బిలిరుబిన్ పేగులదాకా చేరకపోతే మలానికి రంగెక్కడిది? మూత్రం రంగు గురించి మనవాళ్లు గడగడా చెప్పేస్తారు. మలం సంగతి అడిగితే తలొంచుకుని 'మామూలుగానే ఉందండీ' అంటారు. ఆ సిగ్గు వల్ల డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం అందకుండా పోతుంది.

ఇక పసరు దగ్గరికి వద్దాం. మన దగ్గర కుర్రాళ్లకు, మధ్యవయసువాళ్లకు హఠాత్తుగా వచ్చే కామెర్లలో పెద్ద భాగం హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్లే. రెండూ కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తాయి. ముందు నాలుగైదు రోజులు జ్వరం, నీరసం, వాంతులు ఉంటాయి. ఆ తర్వాత కళ్లు పచ్చబడతాయి. చాలామందికి కళ్లు పచ్చబడే సరికే జ్వరం తగ్గుముఖం పడుతుంది, ఎందుకంటే శరీరం అప్పటికే వైరస్ మీద పైచేయి సాధిస్తోంది. పసరుకు బయల్దేరేది సరిగ్గా అప్పుడే. మూడు వారాల పసరు పూర్తయ్యేసరికి ఆకలి తిరిగొస్తుంది, మరో రెండు మూడు వారాల్లో కళ్లు తెల్లబడతాయి. ఆ మూడు ఆదివారాలూ చెరువు గట్టున కూర్చుని మంచినీళ్లు తాగొచ్చినా జరిగేది ఇదే. చివర్లో కొందరు సున్నపునీళ్లలో చేతులు కడిగించి, దిగిన పసుపు రంగును చూపిస్తారు. అంతకుముందు చేతులకు పట్టించిన బెరడు రసం సున్నంతో కలిసి ఇచ్చే రంగది. రక్తంలోని బిలిరుబిన్‌కు సున్నపునీళ్లతో పొత్తే లేదు.

కామెర్ల పసరుగా పేరున్న నేల ఉసిరిని శాస్త్రవేత్తలు పట్టించుకోలేదనడం కూడా తప్పే. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టినందుకు నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ కలిసి నేల ఉసిరిని ఒంట్లో బి వైరస్ మోస్తున్నవాళ్ల మీద పరీక్షించారు. 1988లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఆ ఫలితాలు ఆశలు రేపాయి. ఆ తర్వాత వేరే చోట్ల జరిగిన పరీక్షల్లో మాత్రం అదే ఫలితం రాలేదు. అంటే పరీక్ష పెట్టారు, అది నెగ్గలేదు. పైగా ఊళ్లో పోసే పసరులో ఏ ఆకు ఉందో, ఎంత ఉందో పోసేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆకుమందు కదా, ఏం చేస్తుందిలే అనుకోవడమూ ప్రమాదమే. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం నెలల తరబడి తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి.

మరి తగ్గనిదెవరికి? యాభై దాటిన మనిషి, నొప్పి లేదు, జ్వరం లేదు, కళ్లు మాత్రం రోజురోజుకీ ముదురు పచ్చ అవుతున్నాయి, దురద, బరువు తగ్గడం. పిత్తవాహికలోనో క్లోమం తలభాగంలోనో కణితి ఉందేమోనని ముందు అనుమానించాల్సిన లక్షణాలివి. నొప్పి లేదు కాబట్టి తొందరేం లేదనుకుని పసరుకు మూడు వారాలు, పథ్యానికి మరో నెల ఖర్చు పెడితే ఆపరేషన్‌కు వీలున్న కాలం దాటిపోవచ్చు. కుడి డొక్కలో నొప్పి, వణుకుతో జ్వరం, కామెర్లు మూడూ కలిసొస్తే పిత్తవాహికలో రాయి అడ్డుపడి చీము పట్టిందని అర్థం. అక్కడ లెక్క గంటల్లో ఉంటుంది. ఎండోస్కోపీతో చేసే ఇ.ఆర్.సి.పి. ద్వారా రాయి తీసి దారి తెరిస్తే మనిషి నిలబడతాడు. వానాకాలంలో వరి మడుల్లో దిగి పనిచేసినవాళ్లకు ఎర్రబడిన కళ్లు, పిక్కల నొప్పి, జ్వరంతో పాటు కామెర్లు వస్తే ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్స్ ఉన్నాయి, త్వరగా మొదలుపెడితే ఫలితం ఉంటుంది. టీబీ మాత్రలు వాడుతున్నవాళ్లకు కళ్లు పచ్చబడితే ఆ రోజే మందులిచ్చిన డాక్టరుకు చూపించాలి. ఆ మాత్రల్లో మూడింటికి కాలేయాన్ని దెబ్బతీసే గుణం ఉంది, ఏవి ఆపాలో ఏవి మళ్లీ మొదలుపెట్టాలో సొంతంగా తేల్చుకునే వ్యవహారం కాదు. తాగుడు వల్ల వచ్చిన కామెర్లకు తాగుడు మానకుండా ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు.

దీనికి పూర్తి విరుద్ధంగా ఏ మందూ అక్కర్లేని కామెర్లు కూడా ఉన్నాయి. గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు పుట్టుకతోనే బిలిరుబిన్‌ను మార్చే ఎంజైము కాస్త మందకొడిగా పనిచేస్తుంది. ఏకాదశి ఉపవాసమున్నా, జ్వరమొచ్చినా కళ్లు కొంచెం పచ్చబడతాయి, మళ్లీ వాటంతటవే తగ్గుతాయి. కాలేయానికి ఏమీ కాదు. ఇలాంటివాళ్లు ఏళ్ల తరబడి పసర్లు తాగుతూ, కూరలో నూనె మానేసి, పెళ్లి సంబంధాల దగ్గర దాచుకుంటూ బతుకుతారు. ఇండైరెక్ట్ బిలిరుబిన్ (కాలేయం ఇంకా మార్చనిది) ఒక్కటే కొంచెం పెరిగి, మిగతా పరీక్షలన్నీ బాగున్నాయని తేలితే ఆ బాధంతా అక్కడితో సరి.

పరీక్షల రిపోర్టులో మనవాళ్ల చూపు ముందు కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్.జి.పి.టి. మీద పడుతుంది. రెండు వేలుందని గుండె గుభేలుమంటుంది. హెపటైటిస్ ఎ, ఇ లలో అది అంత పెరగడం మామూలే, తగ్గడమూ మామూలే. అసలు కనిపెట్టుకోవాల్సింది రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పి.టి., ఐ.ఎన్.ఆర్. పరీక్షను. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను తయారుచేసేది కాలేయమే కాబట్టి, అది నిజంగా చేతులెత్తేస్తోందా లేదా అన్నది అక్కడ బయటపడుతుంది. ఎస్.జి.పి.టి. తగ్గుతోందని సంబరపడే వేళ ఐ.ఎన్.ఆర్., బిలిరుబిన్ రెండూ పెరుగుతుంటే అది మంచి కబురు కాదు. ఇంట్లో గమనించాల్సినవీ ఉన్నాయి. పగలంతా మగతగా పడుకుని రాత్రి మేలుకోవడం, మాట తడబడటం, తేదీ, ఊరు తప్పు చెప్పడం, చిగుళ్ల నుంచి రక్తం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

పథ్యం సంగతి. పప్పు వద్దు, నూనె వద్దు, పసుపు అసలే వద్దు అని ఉత్త మజ్జిగన్నం మీద నెల రోజులు నిలబెట్టడం కాలేయానికి చేసే మేలేమీ కాదు. కాలేయం కోలుకోవడానికి తిండి కావాలి, ప్రొటీన్ కావాలి. వికారంగా ఉన్న రోజుల్లో నూనె సహించదు, అప్పుడు మానొచ్చు. ఆకలి వచ్చాక పప్పు, గుడ్డు, పెరుగు, కూర అన్నీ పెట్టొచ్చు. కూరలో వేసే చిటికెడు పసుపుకూ కళ్లలోని పచ్చదనానికీ చుట్టరికం లేదు. మద్యం మాత్రం చుక్క కూడా పనికిరాదు, డాక్టరుకు చెప్పకుండా పారాసెటమాల్ మింగకూడదు. అన్నిటికన్నా విడ్డూరం చెరకు రసం. కామెర్లకు మంచిదని రోడ్డు పక్క బండి దగ్గర ఐసు ముక్కలేసి పట్టించుకొస్తారు. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు, ఆ గ్లాసు ఏ బకెట్లో ముంచారో చూస్తూనే ఉంటాం. కామెర్లు పుట్టేదే అక్కడ.

నీళ్లు ఎంత పని చేస్తాయో తెలియాలంటే 1955-56 నాటి ఢిల్లీని తలుచుకోవాలి. యమునలో మురుగునీరు తాగునీటి సరఫరాలోకి చేరి సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. దాని వెనకున్నది హెపటైటిస్ ఇ అని తర్వాతెప్పుడో దశాబ్దాలకు తేలింది. 2005లో హైదరాబాద్‌లో ఇదే వైరస్ వ్యాపించింది. మురుగు కాలవల మధ్యగా వెళ్లిన తాగునీటి పైపుల్లోకి మురుగు చేరడమే కారణమని తేలింది. ఈ వైరస్ ఒంట్లో చేరాక కామెర్లు బయటపడటానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నిన్న తిన్న పునుగుల మీద నేరం మోపడం అందుకే వృథా. నల్లా నీళ్లలో వాసన, రంగు తేడా కనిపించిన వారం ఏదో గుర్తు తెచ్చుకోవాలి. ఆ నీళ్లను తెర్లేదాకా కాచి తాగితే ఎ, ఇ రెండూ చస్తాయి. గర్భిణుల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. ఏడో నెల దాటాక హెపటైటిస్ ఇ సోకితే ప్రతి నలుగురైదుగురిలో ఒకరి ప్రాణం పోయే దాకా వెళ్లగలదు. కళ్లు పచ్చబడ్డ గర్భిణిని పసరుకు తీసుకెళ్లడం కన్నా ఘోరం ఇంకోటి లేదు.

హెపటైటిస్ బి, సి ల దారి వేరు. అవి రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదులు, మంగలి బ్లేళ్ల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సోకుతాయి. ఒక కంచంలో తింటే రావు. బి ఉందని తెలిసిన కోడలికి గ్లాసు వేరు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చేయాల్సింది ఇంట్లో అందరికీ పరీక్ష, లేనివాళ్లకు టీకా. పుట్టేటప్పుడు బి సోకిన పసివాళ్లలో వందకు 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకినవాళ్లలో అలా మిగిలేది అయిదుగురి లోపే. పుట్టిన 24 గంటల్లో తొలి టీకా వేయాలని పట్టుబట్టేది ఇందుకే. ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచి వచ్చేది, మధ్యతరగతివాళ్లకు కూడా భారమే. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలిసారిగా దాన్ని జన్యుసాంకేతికతతో తయారుచేసి విడుదల చేశాక ధర దిగొచ్చింది. సి కి టీకా లేదు, కానీ 12 వారాల మాత్రలతో వందలో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి లకు ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం.

పసిబిడ్డల కామెర్ల కథ పూర్తిగా వేరు. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో దాదాపు 60 శాతం మంది, నెలలు తక్కువవాళ్లలో 80 శాతం మంది తొలి వారంలో పచ్చబడతారు. కడుపులో ఉన్నప్పుడు అవసరమైనన్ని ఎక్కువ ఎర్రకణాలు పుట్టాక అక్కర్లేక విరుగుతాయి, వాటిని సంబాళించే కాలేయం ఇంకా పని నేర్చుకోలేదు. రెండో మూడో రోజు మొదలై, మూడు నుంచి అయిదో రోజు మధ్య ఎక్కువై, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. చిక్కల్లా ఒకటే. మామూలు కాన్పయితే రెండో రోజుకే ఇంటికి పంపేస్తారు, పచ్చదనం ముదిరేది ఇంటికొచ్చాక. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు ఇంటికి వచ్చినప్పుడు బిడ్డను గుడ్డలు విప్పి చూపించాలి.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది. ట్యూబ్‌లైటు కింద కాదు, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర. నలుగు పెట్టిన రోజు అసలే కాదు, పసుపు కలిసిన సున్నిపిండి రుద్దిన బిడ్డ ఎలాగూ పచ్చగానే ఉంటుంది. నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి తీస్తే రక్తం పక్కకు జరిగిన ఆ క్షణంలో చర్మం పసుపుగా కనిపిస్తుంది. తర్వాత రొమ్ము, పొట్ట, తొడలు, చివరికి అరికాళ్లు. పచ్చదనం ముఖం నుంచి కిందికి దిగుతుంది. అరచేతులు, అరికాళ్లు పచ్చబడ్డాయంటే బిలిరుబిన్ బాగా పెరిగినట్టే. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, బిడ్డ పాలు పట్టకుండా మత్తుగా పడుకున్నా, కీచుగా ఏడ్చినా, వెనక్కి విల్లులా వంగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. హద్దు దాటిన బిలిరుబిన్ పసిమెదడులోకి చేరుతుంది. వినికిడి, కాళ్లూ చేతుల అదుపు పోతాయి, పోయినవి తిరిగిరావు. పెద్దవాళ్లలో ఈ భయం ఉండదు.

తల్లి రక్తం 'ఓ' గ్రూపు, బిడ్డది 'ఎ' లేదా 'బి' అయినా, తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయినా ముప్పు ఎక్కువ. నెగటివ్ గ్రూపు తల్లికి కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజక్షన్ పడితే తర్వాతి బిడ్డకు రక్షణ. జి6పిడి లోపమున్న బిడ్డలకు ఇంకో శత్రువు ఉంది, బీరువాలోని కలరా ఉండలు. పెద్దపిల్లాడి జుబ్బాలు, ఊయల దుప్పట్లు వాటి మధ్య మూటగట్టి దాచి, చిన్నదానికి తీసి తొడుగుతారు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఈ బిడ్డల ఎర్రకణాలను విరగ్గొడుతుంది. లోపం ఉందో లేదో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి పసివాళ్ల బట్టల దగ్గర ఆ ఉండలే ఉండకూడదు.

తల్లి తిన్న కూరల వల్ల బిడ్డకు కామెర్లు రావు. బిడ్డకు పాలు చాలకపోతే మాత్రం ఎక్కువవుతాయి. తొలి నల్లటి విరేచనంలో బోలెడు బిలిరుబిన్ ఉంటుంది, అది ఎంత త్వరగా బయటపడితే అంత మేలు, ఆలస్యమైతే పేగుల నుంచి మళ్లీ రక్తంలోకి చేరుతుంది. ముర్రుపాలు ఆ విరేచనాన్ని కదిలిస్తాయి. ముర్రుపాలు పిండి పారబోసి తేనె, పంచదార నీళ్లు, గ్లూకోజు నాకించడం దీనికి సరిగ్గా వ్యతిరేకం. రోజుకు 8 నుంచి 12 సార్లు తల్లిపాలే పట్టాలి.

లైటు కింద పెట్టడమనే వైద్యం ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో 1950లలో పుట్టింది. సిస్టర్ వార్డ్ అనే నర్సు నెలలు తక్కువ బిడ్డలను ఎండ కాసే రోజు ఆవరణలోకి తీసుకెళ్లేది. ఒక రోజు ఒక బిడ్డ ఒళ్లంతా తెల్లబడి, దుప్పటి అంచు కప్పిన ముక్కోణం మేర మాత్రం పచ్చగా మిగిలిపోవడాన్ని డాక్టర్లకు చూపించింది. ఆ గమనిక మీదే రిచర్డ్ క్రెమర్ బృందం దీపాల పెట్టె కట్టి, 1958లో ఫలితాలు అచ్చువేసింది. నీలి కాంతి చర్మంలోని బిలిరుబిన్ ఆకారాన్ని మారుస్తుంది, కాలేయం మార్చాల్సిన పని లేకుండానే అది బయటికి పోతుంది. అయితే మన ఇళ్లలో పొద్దుటెండలో పది నిమిషాలు పెట్టడం వైద్యమేనా? ఆసుపత్రి దీపం కళ్లకు గంతలు కట్టిన బిడ్డ ఒంటినంతా గంటల తరబడి, కొలిచిన మోతాదులో తాకుతుంది. వరండాలో ఎండకు ఆ లెక్క లేదు, మరీ ఎక్కువైతే కమిలిపోతుంది, చలికి బిడ్డ చల్లబడిపోతుంది. కాస్త ఎండ తగిలితే తప్పేమీ లేదు గానీ రక్తపరీక్షను దాని పేరున వాయిదా వేస్తేనే ముప్పు. అంకె ఒక్కటే చూసి భయపడటం, ధీమా పడటం రెండూ పొరపాటే. 12 మిల్లీగ్రాములు తొలిరోజు బిడ్డకు ప్రమాదం, నెలలు నిండిన అయిదో రోజు బిడ్డకు మామూలు. లైటుతో దిగనంత పెరిగితే రక్తమార్పిడి చేస్తారు.

రెండు వారాలు దాటాక కూడా పచ్చగానే ఉండి, బిడ్డ చక్కగా పాలు తాగుతూ బరువు పెరుగుతుంటే చాలాసార్లు అది తల్లిపాల వల్ల వచ్చే నిరపాయమైన పచ్చదనమే, పాలు ఆపకూడదు. కానీ ఆ మాట అనుకునే ముందు లంగోటా చూడాలి. విరేచనం సుద్దరంగులో ఉందా, మూత్రం గుడ్డకు పసుపు మరక పెడుతోందా? అలా ఉంటే పిత్తనాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రీషియా కావచ్చు. దానికి జపాన్ సర్జన్ మోరియో కసాయి రూపొందించిన ఆపరేషన్ ఉంది, పుట్టిన 60 రోజుల్లోపు చేస్తే ఫలితం బాగుంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ మిగిలే దారి కాలేయ మార్పిడే. ల్యాబ్‌కు వెళ్లినప్పుడు మొత్తం బిలిరుబిన్ ఒక్కటే కాకుండా డైరెక్ట్ (కాలేయం మార్చిన భాగం) ఎంతో విడిగా వేయమని అడగండి. అది ఒక మిల్లీగ్రాము దాటితే ఆ రిపోర్టుతో అదే వారం పిల్లల కాలేయ నిపుణుల దగ్గరికి వెళ్లాలి.